ఓటుకు ముందు కప్పిన శాలువా

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకి ఒక చెడ్డ అలవాటు ఉంది. తెలుగంటే తలుపు గడియ వేసుకుని కూర్చున్న గది అనుకుంటాం. లిఫ్టులో పక్కన నిలబడ్డవాడి చొక్కా గురించి, ఎదురింటావిడ మూడో పెళ్ళి గురించి వాళ్ళ మొహాల మీదే నవ్వుతూ మాట్లాడేసుకుంటాం. నేనేమీ తక్కువ తినలేదు. చాండ్లర్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తాను. ఒకరోజు నాతో పనిచేసే తెలుగమ్మాయితో, వరసలో ముందున్న తెల్ల ముసలాయన్ని చూపిస్తూ, "ఈయన వారం వారం వచ్చి నా ప్రాణం తోడేస్తాడే" అన్నాను. ఆయన మందుల సంచీ అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, "వచ్చే వారం రాన్లెండమ్మా" అన్నాడు. గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో పుట్టి పెరిగాడట. ఆ రోజుతో నాకు బుద్ధొచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అంతకు మించి ఆయనకేమీ ఎక్కలేదు.

మా ఆయన ఇక్కడే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. వేఫర్ పలకల మీద దుమ్ము రేణువు పడకుండా నిలువెల్లా తెల్ల ముసుగు తొడుక్కుని పనిచేసే మనిషి, ఆ ముసుగు తీసేశాక మాత్రం నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఎవరైనా చిన్న మేలు చేశారంటే చాలు, పదిమందిలో పొగడందే ఆయనకి నిద్ర పట్టదు. మా సింకు బాగుచేసిన ప్లంబర్‌ని కూడా దీపావళి పార్టీకి పిలిచి, బొట్టు పెట్టి, స్వీట్ల పెట్టె చేతిలో పెట్టి ఫొటో తీయించారు. పాపం, ఆ ప్లంబర్ ఇప్పటికీ తనకేం జరిగిందో అర్థంకాక ఉండి ఉంటాడు.

మాకు ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. డాక్టరీ చదువుతూ చదువుతూ ఒకరోజు సైన్యంలో చేరానని చెప్పింది. చేరతానని కాదు, చేరానని. నేను మూడు రోజులు దానితో మాట్లాడలేదు. వాళ్ళ నాన్న మాత్రం యూనిఫాంలో ఉన్న ఫొటో ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టారు. "అక్కడా పేషెంట్సే కదా అమ్మా. కాకపోతే అర్జెంట్ పేషెంట్స్" అంది అది. తర్వాత కొన్నేళ్ళు టెక్సస్‌లో ఒక బేస్‌లో పనిచేసింది. మోకాళ్ళు విరిగిన కుర్రాళ్ళకీ, జ్వరాలొచ్చిన పిల్లలకీ వైద్యం చేసుకుంటూ క్షేమంగానే ఉంది కదా అని నేనూ మెల్లగా మెత్తబడ్డాను.

అప్పుడు ఆ యుద్ధం వచ్చింది. ఎక్కడో సముద్రాలవతల, నేను మ్యాప్‌లో వెతుక్కుంటే గానీ దొరకని దేశంలో. మొదట ఆయుధాలు మాత్రమే పంపిస్తున్నామన్నారు. ఆ తర్వాత సలహాదారులన్నారు. ఇంకొన్నాళ్ళకి విమానాలు వెళ్ళాయి, వాటిని కాపాడడానికి మనుషులు వెళ్ళారు. యుద్ధం అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. కాంగ్రెస్‌ని, అంటే ఇక్కడి పార్లమెంటుని, ఎవరూ అడగలేదు. మా ఇంటి మీదుగా యుద్ధ విమానాలు ఎప్పుడూ పోతూనే ఉంటాయి, దగ్గర్లోనే వాటి స్థావరం ఉంది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు నాకు ఫ్రిజ్ చప్పుడుతో సమానం. ఆ చలికాలం నుంచి మాత్రం, పప్పు కలుపుతున్నా బట్టలు మడత పెడుతున్నా, ఆ చప్పుడు వినబడితే చేతులు ఆగిపోయేవి.

ఫిబ్రవరిలో మా అమ్మాయి ఫోన్ చేసి, వాళ్ళ ఫీల్డ్ హాస్పిటల్ యూనిట్‌ని సిద్ధంగా ఉండమన్నారని చెప్పింది. "ఇంకా ఆర్డర్స్ రాలేదు, డోంట్ పానిక్" అంది. పానిక్ కావద్దని చెప్పాక కానివాళ్ళెవరు?

ఆ రోజుల్లోనే మాకు ఒక పెద్దావిడ సంగతి తెలిసింది. వేరే రాష్ట్రం నుంచి చాలాకాలంగా కాంగ్రెస్‌లో ఉన్నావిడ. ఆవిడా, అధ్యక్షుడి పార్టీకే చెందిన, మాజీ సైనికుడైన ఇంకో సభ్యుడూ కలిసి, రెండు పార్టీల్లోనూ మనుషుల్ని కూడగడుతున్నారు. కాంగ్రెస్ అనుమతి లేని ఈ యుద్ధంలోంచి మన సైన్యాన్ని వెనక్కి రప్పించాలనీ, కొత్తగా ఎవరినీ పంపకూడదనీ ఒక తీర్మానం తెస్తున్నారు. సైనికుల కుటుంబాలతో మాట్లాడడానికి ఇద్దరూ మా పక్కనున్న ఫీనిక్స్ వచ్చారు. ఒక చర్చి హాల్లో మీటింగు. మేమూ వెళ్ళాం. అంతమందిలో మేమిద్దరమే ఇండియన్లం.

ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పింది. తీర్మానం నెగ్గడానికి కొద్ది ఓట్లే తక్కువ. ఆ ఓట్లు అధ్యక్షుడి పార్టీలో ఉన్నాయి. ఆ సభ్యులకి ఈ యుద్ధం ఇష్టం లేదు, కానీ ముందే బయటపడితే వచ్చే ఎన్నికల్లో సొంత పార్టీవాళ్ళే తమ మీద ఇంకొకర్ని నిలబెడతారని భయం. "మీ ప్రతినిధి దగ్గరికి వెళ్ళండి. అరవకండి. మీ పిల్లల ఫొటో చూపించండి, చెప్పాల్సింది చెప్పి వచ్చేయండి. సరేనన్నాడంటే ఆ మాట అక్కడే మర్చిపోండి. ఓటు పడేదాకా ఎవరికీ థాంక్స్ చెప్పకండి. పడ్డాక మీ ఇష్టం, కేకులు పంపించండి, ఊరేగించండి" అంది. పక్కన కూర్చున్న మాజీ సైనికుడు, చెవిలో మిషను సరిచేసుకుంటూ, ఇంకొక్క మాట అన్నాడు. వాళ్ళంతా ఒకరి ధైర్యం చూసి ఒకరు నిలబడ్డవాళ్ళనీ, ఒకడు వెనక్కి తగ్గితే వాడొక్కడితో ఆగదనీ. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మాలో ఎవరి మొహంలోకీ చూడలేదు.

మా ప్రతినిధి మాకు కొత్తవాడు కాదు. మా ఊళ్ళో తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి ప్రతి పండక్కీ వస్తాడు. గారెల్ని డోనట్లంటూ ఇష్టంగా లాగిస్తాడు. నమస్కారం, ధన్యవాదాలు అనే రెండు మాటలూ నేర్చుకున్నాడు. అధ్యక్షుడి పార్టీ మనిషే. ఆయన ఆఫీసుకి మా ఆయన రెండు ఫొటోలు తీసుకెళ్ళారు. ఒకటి యూనిఫాంలోది. రెండోది చిన్నప్పుడు ముందు పళ్ళు ఊడిపోయి, మామిడి టెంక చీకుతున్నది. "అదెందుకండీ, పరువు తక్కువగా" అన్నాను. ప్రతినిధి ఎక్కువసేపు చూసింది రెండో ఫొటోనే.

చూసి, ఏదో పని చెప్పి తన అసిస్టెంటుని బయటికి పంపి, తలుపు మూశాడు. "నేను అనుకూలంగా ఓటేస్తాను. ఇది ఈ గది దాటకూడదు. మావాళ్ళకి ముందు తెలిసిందంటే నన్ను ఓటుదాకా వెళ్ళనివ్వరు" అన్నాడు. నాకు ఆ మనిషి మీద ఎప్పుడూ పెద్ద గౌరవం లేదు, కానీ ఆ నిమిషంలో కలిగింది. ఎందుకంటే ఆయన నిజంగా భయపడుతున్నాడు. భయపడుతూనే సరేనన్నాడు. మా ఆయన లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశారు.

కార్‌లో కూర్చున్నామో లేదో మొదలుపెట్టారు.

"మనిషంటే అలా ఉండాలే. ఆయనకి మనం ఏదో ఒకటి చెయ్యాలి."

"ముందు ఓటెయ్యనివ్వండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే ఏంటి మీ హడావుడి?"

"ఉగాది ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్ ఆయనే కదా. ఎలాగూ శాలువా కప్పుతారు. ఆ శాలువా నేను కప్పుతాను, అంతే. ఒక్క మాట మాట్లాడితే అడుగు."

"ఆవిడేం చెప్పింది? థాంక్స్ కూడా చెప్పొద్దంది."

"శాలువా థాంక్స్ ఎలా అవుతుందే? అది మర్యాద."

మర్యాదని కాదనే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. తెలుగు సంఘంవాళ్ళు అందరికీ కప్పేవి మెరుపు అంచుల చవక శాలువాలు, ఒక్కసారి ఉతికితే ఒళ్ళు చూపిస్తాయి. అది మా ఆయనకి ఆనలేదు. అలమారలోంచి మా అత్తగారు మనవరాలికిచ్చిన ఉన్ని శాలువా తీశారు. మీగడ రంగు, ఎర్రటి అంచు. "అది పిల్లది" అన్నాను. "పిల్లకోసమే కదా" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇంట్లో ఉన్నదాన్ని బయటికి పంపిస్తున్నట్టు అనిపించింది. నోరు తెరిచి అంటే అపశకునం మాటలంటారని ఊరుకున్నాను.

ఉగాది వేడుక ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. మా ఆయనకి వంటల బాధ్యత అప్పగించారు, వెనకాల భోజనాల దగ్గరే ఉన్నారు. ముందుగా పంచాంగ శ్రవణం. సంవత్సరానికి రాజు కుజుడు, కాబట్టి యుద్ధభయం, అగ్నిభయం అని పంతులుగారు చదువుతున్నారు. ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు. నాకు పంచాంగాల మీద నమ్మకం లేదు. అయినా ఆయన రాజపూజ్యం, అవమానం అంటూ రాశుల వరసన చదువుతుంటే, మా అమ్మాయి రాశి వచ్చేసరికి లేచి మంచినీళ్ళకి వెళ్ళిపోయాను. వినకపోతే జరగదన్నట్టు!

నేను తిరిగొచ్చేసరికి కార్యదర్శిగారు మైకులో ఏదో గొప్పగా ప్రకటిస్తున్నారు. తెలుగు రాని మన పిల్లల కోసం ఈ ఏడాది కొత్త ఏర్పాటట. వేదిక మీద ఎవరేం మాట్లాడినా వెనకున్న పెద్ద తెర మీద వెంటనే ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి, ఇంటి దగ్గర లైవ్‌లో చూసేవాళ్ళకి కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా ఆయన ఆ సమయానికి గారెలు వేడిగా ఉన్నాయో లేదో చూస్తున్నారు.

సన్మానం వేళకి ఆయన చేతులు తుడుచుకుంటూ వేదిక ఎక్కారు. ప్రతినిధి కుర్చీలోంచి లేచాడు. శాలువా కప్పడం, దండ వేయడం, ఫొటో తీయించుకోవడం, దిగిపోవడం. అంతవరకే అయ్యుంటే ఈ రోజు నేనిది రాసేదాన్ని కాదు. మైకు దగ్గరగా ఉంది. ఆయన మైకు వైపు చూడడం నేను చూశాను. కుర్చీలోంచి సగం లేచాను.

"అందరికీ నమస్కారం. నేను ఎక్కువ మాట్లాడను," అన్నారు. ఎక్కువ మాట్లాడేవాళ్ళంతా అలాగే మొదలుపెడతారు. "ఈయన దొడ్డ మనసున్న మనిషండీ. మా అమ్మాయిని యుద్ధానికి పంపిస్తారేమోనని మేం తిండి తినడం లేదు. ఈయన దగ్గరికెళితే, ఆ యుద్ధం ఆపడానికి ఓటేస్తానని మాకు మాటిచ్చారు. తన పార్టీని కాదని! ఈ శాలువా మా అమ్మాయిదే. అందుకే ఈయనకి కప్పుతున్నా."

అంతా తెలుగులోనే చెప్పారు. మన గదిలో మనం చెప్పుకున్నట్టు, గుట్టుగా, గుండెల్లోంచి. ఆయన వెనకాల తెర మీద ఆ మాటలన్నీ ఇంగ్లీషులో, నిలువెత్తు తెల్లటి అక్షరాలతో పడుతూ వచ్చాయి. ఆయనకి కనబడవు. ప్రతినిధికీ కనబడవు, ఇద్దరూ మావైపే తిరిగి నవ్వుతున్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న ప్రతినిధి అసిస్టెంటు మాత్రం తెరవైపు చూస్తూ ఉండిపోయింది. ఆ అమ్మాయి మొహంలోంచి రంగు దిగిపోవడం నాకు పక్కనుంచి కనబడింది. ప్రతినిధి శాలువా సర్దుకుని, రెండు చేతులూ జోడించి, మైకు దగ్గరికి వంగి, తనకొచ్చిన మాట అన్నాడు.

"ధన్యవాదాలు."

మర్నాటికి ఆ వీడియో ముక్క ఊళ్ళన్నీ తిరిగింది. మా సంఘంలో ఆ పార్టీకి పనిచేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో ఎవరో కత్తిరించి పంపారని విన్నాను. ఎవరైతేనేం. మాటిచ్చాడని తండ్రి చెబుతాడు, తెర మీద అక్షరాలు పడతాయి, ప్రతినిధి చేతులు జోడించి ధన్యవాదాలంటాడు. కోర్టులో కూడా అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. రేడియోలో ఒకాయన రోజంతా దాన్నే వేశాడు. విదేశీయుల శాలువాకి అమ్ముడుపోయినవాడన్నాడు. మేం ఇక్కడి పౌరులమై ఎన్నో ఏళ్ళయింది.

వారం తిరక్కుండానే ప్రతినిధి ప్రకటన వచ్చింది. తానెవరికీ ఏ మాటా ఇవ్వలేదనీ, సైన్యాన్ని నడిదారిలో వదిలేసే ఏ తీర్మానాన్నీ బలపరచననీ.

"తెలుగులోనే కదే చెప్పాను," అన్నారు మా ఆయన. "తెలుగులోనే కదా."

కాలు జారితే లేవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ చెప్పేది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. నాకు కోపం లేదని కాదు. ఉంది, చాలా ఉంది. అన్నం గిన్నె బల్ల మీద పెడితే చప్పుడయ్యేంత ఉంది. కానీ ఆయన ప్రేమతో చేసిన పని అది. ప్రేమతో చేసిన తప్పుని ఎక్కడ పట్టుకుని తిట్టాలో నాకిప్పటికీ తెలియలేదు.

ఓటింగ్ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. వాషింగ్టన్‌లో సాయంత్రం, మాకు మధ్యాహ్నం. మందుల అరల వెనక ఫోన్ నిలబెట్టి, చప్పుడు లేకుండా చూస్తున్నాను. గుంటూరు ముసలాయన వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. నా మొహం చూసి మందులు అడగలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు. "మా అమ్మాయి" అని ఫోన్ ఆయన వైపు తిప్పాను. ఆయన అక్కడే నిలబడి నాతోపాటు చూశాడు. తీర్మానం కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయింది. మా ప్రతినిధి వ్యతిరేకంగా వేశాడు. మాటిచ్చిన ఇంకొందరు కూడా అలాగే వేశారని తర్వాత తెలిసింది. చెవిలో మిషనున్న ఆయన చర్చి హాల్లో చెప్పినట్టే జరిగింది.

రెండు రోజులకి పెద్దావిడ ఆఫీసు నుంచి ఫోన్. మమ్మల్ని ఎవరూ తప్పుపట్టడం లేదనీ, తీర్మానాన్ని మళ్ళీ తీసుకొస్తామనీ, ధైర్యంగా ఉండమనీ ఆవిడ చెప్పమందట. ఫోన్ స్పీకర్ మీద ఉంది. తిట్టి ఉంటే మా ఆయన తట్టుకునేవారు.

తర్వాత ఒక ఉదయం కాలింగ్ బెల్ మోగింది. సైన్యంవాళ్ళు చావు కబురు ఇంటికొచ్చి బెల్ కొట్టే చెబుతారని మాకు అప్పటికే తెలుసు, మా అమ్మాయి ఇంకా టెక్సస్‌లోనే ఉన్నా సరే, ఇద్దరం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. చివరికి నేనే వెళ్ళాను. గుమ్మంలో ఒక పెట్టె. పెట్టెలో శాలువా, ప్లాస్టిక్ కవర్‌లో, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది. ఆదరించినందుకు కృతజ్ఞతలనీ, బహుమతిని స్వీకరించలేకపోతున్నామనీ ఆఫీసువాళ్ళు రెండు ముక్కలు రాశారు. మా ఆయన దాన్ని ముట్టుకోలేదు. నేనే అలమారలో పెట్టాను. పోయిన వస్తువు దొరికితే సంతోషించాలి కదా. నాకు ఒళ్ళు జలదరించింది.

ఏప్రిల్ చివర్లో ఆర్డర్స్ వచ్చాయి. బయల్దేరే ముందు మా అమ్మాయి నాలుగు రోజులు ఇంటికొచ్చింది. ఊళ్ళో నారింజ పూల వాసన అయిపోయి, ఎండ మొదలైంది. అది ఆ వీడియో చూసింది. దాని కమాండర్ కూడా చూశాడట.

"నాన్నా, నా గురించి స్టేజ్ మీద ఎందుకు చెప్పారు?"

"నిన్ను ఆపుదామని తల్లీ."

"నన్ను అడిగారా? నేను సైన్ చేశాను నాన్నా. నేను వెళ్ళకపోతే ఇంకో డాక్టర్ వెళ్తుంది. ఆమెకి కూడా పేరెంట్స్ ఉన్నారు." తర్వాత కొంచెం మెత్తగా అంది. "యుద్ధం ఆపితే ఓకే. అందరికీ ఆపండి. నాకు ఒక్కదానికి వద్దు."

మా ఆయన తల దించుకుని విన్నారు. నాకు ఆ పిల్ల మాట నచ్చింది, నచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. తల్లిగా నాకు కావలసింది ఒక్కటే, అది వెళ్ళకూడదు. ఆ పైన ఇంకొకరి కూతురు గురించి ఆలోచించే తీరిక నాకు లేదు. ఇది మంచి మాట కాదని తెలుసు.

బ్యాగ్ సర్దుకుంటూ అలమార తెరిచి శాలువా తీసింది. "ఇది నానమ్మ నాకిచ్చింది కదా? అక్కడ నైట్స్ చాలా కోల్డ్ అంట." మా ఆయన వద్దనబోయి ఆగి, నా వైపు చూశారు. నేను అలమార తలుపు మూశాను. అది శాలువాని గుండ్రంగా చుట్టి, బూట్ల పక్కన కుక్కేసింది. ఎయిర్‌పోర్టులో నన్ను గట్టిగా పట్టుకుంది. వాళ్ళ నాన్నకి సెల్యూట్ చేసి నవ్వింది. ఆయన నవ్వలేదు.

అక్కడికెళ్ళాక వారానికోసారి వీడియో కాల్ చేసేది. మాకు పొద్దున, దానికి సాయంత్రం. మాట్లాడకూడనివి ఎన్నో ఉంటాయి కాబట్టి, తిండి గురించీ దుమ్ము గురించీ మాట్లాడుకునేవాళ్ళం. వెనకాల మంచం మీద ఎర్రటి అంచు కనబడేది. మా ఆయన మాట వింటున్నట్టే ఉండి, ఆ అంచు వైపే చూసేవారు. అది కనబడితే ఆ వారానికి ఆయనకి కాస్త అన్నం సహించేది. ఆ పిల్ల మొహం వారం వారం సన్నబడింది. ఒక్కోసారి మధ్యలో ఆగి, పక్కకి చూసి, "వన్ మినిట్" అని, మళ్ళీ వచ్చేది కాదు.

ఇక్కడ పెద్దావిడావాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. అవే మాటలు, అదే చర్చి హాలు. ఈసారి మనుషులు ఎక్కువగా వచ్చారు, ఎందుకంటే ఈసారి పిల్లలు నిజంగానే వెళ్ళిపోయారు. మేం వెనక వరసలో కూర్చున్నాం. చివర్లో ఎవరైనా మాట్లాడతారా అని మైకు తిప్పారు. మా ఆయన దగ్గరికొచ్చేసరికి ఆయన దాన్ని చేత్తో తాకకుండా నాకు చూపించారు. నేను పక్కావిడకి ఇచ్చేశాను.

మొన్న ఆదివారం కాల్‌లో మంచం మీద ఎర్రటి అంచు లేదు.

"శాలువా ఏదమ్మా?" అన్నారు మా ఆయన. పలకరింపు కూడా కాలేదు.

"ఒక అబ్బాయికి ఇచ్చాను నాన్నా. చలేస్తోంది అన్నాడు. బ్లాంకెట్స్ వేశాం, అయినా చలి అన్నాడు."

"మంచి పని చేశావు. తర్వాత తిరిగి తీసుకోలేకపోయావా?"

అది కెమెరా వైపు కాకుండా కిందికి చూస్తోంది. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చినప్పుడు అలాగే చూసేది.

"తీయలేదు నాన్నా. వాడితోనే పంపించాం."

"ఎక్కడికి?"

"వాళ్ళింటికి."

మా ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక, "సరే తల్లీ, నువ్వు తిన్నావా?" అన్నారు. అది తిన్నానంది. లేదని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళే ముందు ఆయన వంటింట్లో నిలబడి ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేశారు. నేను టిఫిన్ డబ్బా కడుతున్నాను. ఆపుదామనుకున్నాను, ఆపలేదు. ఇన్నేళ్ళలో ఆయన అంత నిదానంగా ఇంగ్లీషు మాట్లాడడం నేను వినలేదు. ఒక్కో మాటా సరిగ్గా అవతలివాళ్ళకి చేరేలా మాట్లాడారు. ఉగాదికి కప్పిన శాలువాని మీరు తిప్పి పంపారు, అది మాకు అందింది, తర్వాత యుద్ధంలో ప్రాణం పోతున్న ఒక కుర్రాడికి కప్పారు, ఆ సంగతి ప్రతినిధికి చెప్పండి అన్నారు. ఫోన్ ఎత్తింది కొత్త అమ్మాయి. తప్పకుండా రాసుకుంటానంది, ఆ కుర్రాడిది మన నియోజకవర్గమేనా అని అడిగింది. ఆయన తెలియదన్నారు. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. అక్కర్లేదని చెప్పి, డబ్బా తీసుకుని పనికి వెళ్ళారు.